మోడల్ నడిపే ముందు వీధులు తిరుగు

చిరంజీవి బుజ్జికి మామయ్య దీవించి రాయునది.

చెన్నైలోనే వరద మోడలింగ్ పనిలో, అంటే వాన పడితే నీళ్లు ఎక్కడెంత నిలుస్తాయో కంప్యూటరులో లెక్కగట్టే పనిలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనసు నిండిపోయింది. ఈ ఊరి కాలువల గట్ల మీద ముప్పై ఏళ్లు తిరిగాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు కొట్టూర్‌పురం వెళ్లు. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్కరోజే 49 సెంటీమీటర్ల వాన కురిసింది. చెంబరంబాకం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అడయారు నది పొంగి అక్కడి ఇళ్లలోకొచ్చింది. మా స్నేహితుడు తన హాల్లో స్విచ్ బోర్డు పైన మిగిలిన బురద చారను సున్నం వేయకుండా ఉంచాడు. టేపు పెట్టి కొలిస్తే ఐదడుగుల రెండంగుళాలు. అప్పటి వాన లెక్కలిస్తే నీ మోడల్ అక్కడ మూడడుగులే చూపించిందనుకో, గోడనే నమ్ము.

అప్పుడు కాలువ గరుకుతనం అంకెను, అంటే కాలువ నీటి పరుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకెను, అటూ ఇటూ మార్చి లెక్క కుదిర్చేయాలనిపిస్తుంది. వద్దమ్మా, ముందు కల్వర్టు చూసి రా. ఒకసారి మేం డ్రాయింగులో ఉన్నట్టే మూడు తూములని రాసేశాం. ఒకటి పూడికతో మూసుకుపోయింది, ఇంకోదాంట్లో ఎవరో పైపు దూర్చారు. మేం పొడిగా ఉంటుందని చూపించిన కాలనీలో అర్ధరాత్రి మంచాలు తేలాయి. ఆ జనం ముఖాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

నేల ఎత్తుల విషయంలోనూ అంతే. ఉచితంగా దొరికే ఉపగ్రహ మ్యాపులు ఇళ్ల కప్పుల్ని కూడా నేలలో కలిపేస్తాయి. బల్లపరుపు వేళచ్చేరిలో అరమీటరు తేడా వస్తే వీధికి వీధే మారిపోతుంది.

సముద్రాన్ని మరిచిపోకు. 2023లో మిచౌంగ్ తుపాను తీరం పక్కనున్నప్పుడు కడలి పోటెత్తి, నదుల నీళ్లు బయటికి పోలేదు. వాన, నది, సముద్రం మూడూ కలిపి లెక్కించాలనే చెన్నైకి సి-ఫ్లోస్ అనే వరద హెచ్చరిక వ్యవస్థ తయారుచేశారు. దాన్ని శ్రద్ధగా చదువు.

ఫలితం ఇచ్చేటప్పుడు రంగుల మ్యాపు ఒక్కటే ఇవ్వకు. వాన తక్కువైతే, అనుకున్నంత పడితే, మించితే ఏమవుతుందో మూడూ నడిపి చూడు. ఏ వీధికి ఏ గంటకు మోకాలి లోతు వస్తుందో మాటల్లో రాయి. చెరువు దగ్గరి ఇంజనీరు గేట్లు ముందే కొద్దికొద్దిగా ఎత్తడానికీ, మంచాన ఉన్న ముసలమ్మను మేడ మీదికి చేర్చడానికీ పనికొచ్చేది ఆ గంటే.

అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఓ ఆదివారం ఇంటికి రా. పోటు వేళకు అడయారు ముఖద్వారం దగ్గరికి వెళ్దాం. టేపు, నోటుబుక్కు తెచ్చుకో.

మీ మామయ్య