ఆరుద్ర నక్షత్రం ఎర్రగా ఎందుకుంటుంది? అది చచ్చిపోబోతోందా?

చావుకి దగ్గర పడింది నిజమే, కానీ వయసు చూస్తే మన సూర్యుడి ముందు పసిపిల్ల. సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు, దీనికి సుమారు కోటి.

మా కోనసీమలో ఆరుద్ర కార్తె అంటే నారుమళ్లు, గట్ల మీద మఖమల్ ముక్కల్లా పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులు. తమాషా ఏంటంటే అప్పుడు సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి నక్షత్రం కనపడదు. సంక్రాంతికి రాత్రి ఎనిమిదింటికి కాలవ గట్టెక్కి తూర్పున కొబ్బరి మట్టల పైన చూడండి.

వాయువు, ధూళి మేఘం తన బరువుకి తనే కుంగి, నడిమధ్య కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ హీలియంగా మారుతూ నక్షత్రం వెలుగుతుంది. ఆరుద్ర సూర్యుడికంటే పదిహేను రెట్లు బరువు, ఆ ఒత్తిడికి ఇంధనం దుబారాగా తగలేసింది. మధ్యలో హైడ్రోజన్ అయిపోయాక ఒళ్లు ఉబ్బి, పైభాగం 3,500 డిగ్రీలకి చల్లారింది, అందుకే ఆ ఎరుపు. చివరికి మధ్యలో ఇనుము పేరుకుంటుంది, దాన్ని మండించినా శక్తి రాదు, దాంతో ఆ గుండె సెకను లోపే కూలి నక్షత్రం పేలిపోతుంది.

2019 చివర్లో అది మసకబారితే పేలిపోతోందని హడావుడి చేశారు. ధూళి అడ్డొచ్చింది, అంతే.