లక్ష ల్యూమెన్ల టార్చి: డబ్బా పారేశాక కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మా నాన్నగారికి డెబ్భై ఏళ్లు. రాత్రిపూట కరెంటు పోతే పనికొస్తుందని మా బావమరిది అకౌంటు నుంచి ఆన్‌లైన్‌లో ఒక టార్చిలైట్ తెప్పించాను. పార్సిల్ వచ్చి 22 నెలలైంది. డబ్బా మీద ‘సూపర్ బ్రైట్, 1,00,000 ల్యూమెన్లు, 10 గంటల వెలుగు’ అని ఉంది (ల్యూమెన్ అంటే వెలుగు కొలత). సెల్ మీద, దానిలో పట్టే చార్జి 9,900 ఎంఏహెచ్ అని ఉంది. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి నాన్నగారు మెట్లు దిగుతుండగా టార్చి ఆరిపోయింది. ఆయన పడిపోయారు, మణికట్టు విరిగింది. ఏడాదిన్నరగా మెయిల్స్ పెడుతుంటే ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది’ అంటున్నారు. డబ్బా ఎప్పుడో పారేశాం. సెల్ పైపొర చించి లోపల ఏముందో వీడియో తీసి పెడితే వాళ్లే దిగొస్తారని మా తమ్ముడు అంటున్నాడు. ఐదు లక్షల పరిహారం కోరితే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా? మళ్లీ టార్చి కొందామంటే, ఎక్కువ డబ్బు పెట్టినా మోసపోతామేమో అని టెన్షన్‌గా ఉంది. మీరు చెప్పండి.
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో దాదాపు అంతా నాన్నగారు పడ్డ బాధే. టార్చి డబ్బా మీద ఏముందో రెండు వాక్యాల్లో రాశారు, డబ్బా పారేశామని ఒక్క వాక్యంలో రాశారు. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ మూడు వాక్యాల మీదే కాబట్టి నేను వాటి గురించే మాట్లాడతాను.

తేలాల్సింది ఒక్కటే. ‘లక్ష ల్యూమెన్లు, 10 గంటలు’ అన్న మాట అమ్మినవాళ్లు మీకు కొనకముందు చెప్పారని మీరు రుజువు చేయగలరా?

దీనికి కారణం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులేవో చెబుతుంది. ఒక వస్తువు ఎంత బాగా పనిచేస్తుందో, ఎంతకాలం మన్నుతుందో సరైన పరీక్ష చేయకుండా హామీ ఇవ్వడం వాటిలో ఒకటి. ‘మేం పరీక్ష చేశాకే ఆ మాట చెప్పాం’ అని అమ్మినవాడు అంటే, దాన్ని రుజువు చేయాల్సిన భారం అతనిదే అని ఆ క్లాజులోనే ఉంది. అంటే హామీ ఇచ్చారని మీరు చూపించగానే బరువు అటు మారుతుంది. పరీక్ష రిపోర్టు వాళ్లు తెచ్చుకోవాలి. ఒక్క చిన్న సెల్‌తో లక్ష ల్యూమెన్లు ఇస్తుందన్న టార్చికి అలాంటి రిపోర్టు ఎవరూ తేలేరు.

‘సూపర్ బ్రైట్’ అన్న మాటను వదిలేయండి. అది వ్యాపారి పొగడ్త, దాన్ని కొలవడానికి కొలబద్ద లేదు. ‘1,00,000 ల్యూమెన్లు’ అన్నది అలా కాదు. అది అంకె, నిజమో అబద్ధమో కొలిచి తేల్చవచ్చు.

అబద్ధమని చెప్పడానికి ల్యాబ్ దాకా కూడా పోనక్కర్లేదు. మీరు రాసిన కొలతలను బట్టి ఆ సెల్ 18650 సైజుది, అంటే 18 మి.మీ. వెడల్పు, 65 మి.మీ. పొడవు ఉండే లిథియం సెల్. ఆ సైజులో దొరికే మంచి సెల్స్ 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతాయి. 9,900 అని రాసి ఉన్నదంటే ఆ స్టిక్కరే మొదటి సాక్ష్యం. 3,500 ఎంఏహెచ్‌ను 3.6 వోల్టులతో హెచ్చవేస్తే సుమారు 12.6 వాట్ అవర్లు. ఎల్ఈడీ ఒక్కో వాట్‌కు 200 ల్యూమెన్లు ఇస్తుందని ఉదారంగా లెక్కేసినా (చేతి టార్చిలలో సాధారణంగా అంత రాదు), లక్ష ల్యూమెన్లకు 500 వాట్లు కావాలి. ఆ సెల్ నిజంగా అంత కరెంటు ఇవ్వగలిగినా ఒకటిన్నర నిమిషంలో ఖాళీ అవుతుంది. అదే వెలుగు పది గంటలు రావాలంటే 5,000 వాట్ అవర్లు, అంటే ఇంటి మీటరు లెక్కలో ఐదు యూనిట్లు. గుప్పిట్లో పట్టే సెల్‌లో ఐదు యూనిట్ల కరెంటు ఉండదు. ఈ లెక్కను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చెప్పే లెక్చరర్ ఎవరితోనైనా అఫిడవిట్‌గా రాయించండి. పేరున్న సెల్ కంపెనీలు విడుదల చేసే డేటాషీట్‌ను దానికి జత చేయండి.

ఇక డబ్బా. డెబ్భై ఏళ్ల మనిషి చేతికి ఇచ్చే వస్తువు తెచ్చుకుని, చెయ్యి విరిగాక కూడా డబ్బా ఉందా పోయిందా అని చూడకపోవడం నిర్లక్ష్యమే. తయారీదారు పేరు, చిరునామా, దిగుమతి వస్తువైతే ఏ దేశంలో తయారైంది, కస్టమర్ కేర్ వివరాలు, ఇవన్నీ ప్యాకేజీ మీద ఉండాలన్నది 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో ఉంది. మీరు పారేసింది అట్ట ముక్క కాదు, ప్రతివాది సంతకం లాంటి కాగితం.

అయినా దారి మూసుకుపోలేదు. మీ బావమరిది అకౌంటు తెరిచి ఆర్డర్ పేజీ, ఇన్‌వాయిస్, ఆ వస్తువు పేజీ ఈ రోజే దింపుకోండి. లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. రేపు అనకండి, నోటీసు అందిన మరుక్షణం ఆ పేజీ మారిపోతుంది. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోవు కానీ, సర్టిఫికెట్ ఉంటే ఆ అభ్యంతరం ఎదుటివాడి నోటికి రాదు. పేజీ ఇప్పటికే మారిపోయి ఉంటే, అమ్మిన రోజున ఉన్న వివరణను దాఖలు చేసేలా ఆదేశించమని కమిషన్‌ను కోరండి. సెక్షన్ 38(9) కింద పత్రాలు తెప్పించే అధికారం దానికి ఉంది.

బిల్లు బావమరిది పేరున ఉందని భయపడకండి. కొన్నవారి అనుమతితో వాడుకునే వారూ వినియోగదారులే అని సెక్షన్ 2(7) చెబుతోంది. ఆయన కొన్నది ఇంటి వాడకం కోసమే అని అఫిడవిట్‌లో ఒక వాక్యం చాలు.

మీ తమ్ముడి సలహా దగ్గరికి వస్తున్నాను. సెల్ పైపొర చించవద్దు. చించారా, కేసు అక్కడితో సరి. ‘ఈ సెల్ మాది కాదు, వాళ్లే మార్చారు’ అని ప్రతివాది ఒక్క మాట అంటే మీ దగ్గర జవాబు ఉండదు. లోపం తేలడానికి పరీక్ష అవసరమైతే, కమిషనే నమూనా తీసుకుని సీలు వేసి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలన్నది సెక్షన్ 38(2) పద్ధతి. చింపిన సెల్‌కు ఏ సీలు వేస్తారు? పైగా అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఆ సెల్ బయటి లోహపు ఒళ్లంతా నెగటివ్. పైన పాజిటివ్ మొనకూ దానికీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ పలచటి పొరే. అది చిరిగితే షార్టయి మంటలు రావచ్చు.

చించకుండా చేయగలిగిన పని ఉంది. అసలైన 18650 సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. పెద్ద అంకెల స్టిక్కర్ వేసిన నకిలీలు చాలాసార్లు అంతకంటే బాగా తేలిగ్గా ఉంటాయి. బంధువులు కాని ఇద్దరి ఎదుట తూకం వేసి, స్టిక్కర్ కనిపించేలా ఫొటో తీసి, టార్చినీ సెల్‌నూ ఒక కవరులో పెట్టి, అందరూ సంతకాలు చేసి అతికించండి. టార్చి ఇంకా వెలుగుతుంటే, సీలు వేయక ముందు ఒకసారి ఫుల్ చార్జ్ చేసి, పక్కన గడియారం పెట్టి, ఎంతసేపు వెలిగిందో ఆపకుండా వీడియో తీయండి. వెలుగు ఎంత అన్నదానికి మాత్రం ఫోన్ వీడియో పనికిరాదు. కెమెరా చీకటికి తగ్గట్టు తనే సర్దుకుంటుంది, ఎదుటి లాయరుకు ఆ సంగతి తెలుసు.

కాలపరిమితి దగ్గర మీరు నిజంగా అంచున ఉన్నారు. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు పడాలి. టార్చి ఆరిన రోజు నుంచి లెక్కపెట్టాలని మీరు వాదించవచ్చు. కానీ అబద్ధపు అంకె చెప్పి అమ్మడమే మీ ఫిర్యాదు కాబట్టి పార్సిల్ అందిన రోజు నుంచే గడువు మొదలైందని వాళ్లు వాదిస్తారు. ఆ వాదనకు చోటివ్వకండి. పార్సిల్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ‘పరిశీలనలో ఉంది’ అనే మెయిల్స్ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. ఏడాదిన్నర ఆ మెయిల్స్ నమ్ముకుని కూర్చోవడం మీరు చేసిన రెండో తప్పు. ఆలస్యాన్ని క్షమించే అధికారం కమిషన్‌కు ఉన్నా, అది తగిన కారణం చూపిన వారికే. జవాబు కోసం చూశామన్నది అలాంటి కారణంగా నిలవడం కష్టం.

నాన్నగారు పడిపోయిన విషయం. ఉత్పత్తి లోపం వల్ల శరీరానికి దెబ్బ తగిలితే పరిహారం అడగడానికి అదే చట్టంలో ఆరో అధ్యాయం ఉంది. ఇచ్చిన హామీకి వస్తువు సరిపోకపోతే, తాను అశ్రద్ధ చేయలేదని తయారీదారు రుజువు చేసుకున్నా సెక్షన్ 84 కింద తప్పించుకోలేడు. తయారీదారు ఎవరో తెలియకపోతే, లేదా తెలిసినా మన దేశ చట్టానికి అందకపోతే, అమ్మినవాడే బాధ్యుడని సెక్షన్ 86 చెబుతుంది. మీ కేసులో ఇది చాలా ముఖ్యం. అయితే టార్చి ఆరిపోవడం వల్లే పడ్డారని మీరు చూపించాలి. ఆస్పత్రి కాగితాల్లో ‘కింద పడ్డారు’ అని మాత్రమే ఉందని మీరే రాశారు. మెట్లు తడిగా ఉన్నాయని వాళ్లంటే? ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాళ్ల అఫిడవిట్లు వేయండి. మర్నాడు మీరు పెట్టిన మొదటి మెయిల్‌లో టార్చి ఆరి పడ్డారని రాసి ఉంటే అది వీటన్నిటికంటే విలువైనది, దాన్ని వెతకండి. ఈ కోరికను ఇప్పుడే ఇదే ఫిర్యాదులో కలపండి, విడిగా తర్వాత వేస్తే అభ్యంతరాలు వస్తాయి. కానీ కేసు బరువంతా దీనిమీదే పెట్టకండి. మొదటి కోరిక ధర వాపసు, రెండోది అనుచిత వ్యాపార పద్ధతికి పరిహారం, మూడోది వైద్య ఖర్చులు, నాన్నగారి బాధకు పరిహారం. ఈ వరసలో రాయండి. ఐదు లక్షలు అడగాలంటే బిల్లులు చూపించాలి.

రాష్ట్ర కమిషన్ అక్కర్లేదు. ఏ కమిషన్‌కి వెళ్లాలో తేల్చేది మీరు అడిగే పరిహారం కాదు, వస్తువుకు చెల్లించిన ధర. మీది జిల్లా కమిషనే. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ల్యాబ్ పరీక్ష కోరితే మాత్రం ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. అందుకే స్టిక్కర్, తూకం, లెక్క ముందు పెట్టమంటున్నాను.

కొత్త టార్చి సంగతి. ఇదీ నా దృష్టిలో సాక్ష్యం ప్రశ్నే. రేపు రుజువు చేయగల అంకెలు రాసిన టార్చినే కొనండి. టార్చిల కొలతకు 2009లో వచ్చిన ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం ఉంది. అది స్వచ్ఛందం. దాన్ని పాటించేవాళ్లు వెలుగు, దూరం, సమయం, నీటికి తట్టుకోవడం, కింద పడితే తట్టుకోవడం అన్నీ చిన్న బొమ్మలతో డబ్బా మీద వేస్తారు. ఆ ప్రమాణంలో ల్యూమెన్లను స్విచ్ వేసిన 30 సెకన్ల తర్వాత, రెండు నిమిషాల లోపు కొలుస్తారు. సమయం అంటే వెలుగు మొదటి దానిలో పదో వంతుకు తగ్గేదాకా పట్టే కాలం. దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి, అంటే సుమారు పున్నమి వెన్నెలంతకు తగ్గేచోటు. ఇది తెలియకపోతే మంచి టార్చి కూడా మోసంగానే కనబడుతుంది. వేడెక్కకుండా తనంతట తానే వెలుగు తగ్గించుకునే టార్చిలు చాలా ఉన్నాయి, దాని మీద కేసు వేస్తే ఓడిపోతారు.

డబ్బు వృథా అయ్యేది పెద్ద అంకెల దగ్గరే. వెలుగు రెట్టింపు దూరం పోవాలంటే టార్చి నాలుగు రెట్లు తీక్షణంగా ఉండాలి. ఆ తీక్షణతను క్యాండెలాల్లో కొలుస్తారు. 10,000 క్యాండెలాల టార్చి 200 మీటర్లు చూపిస్తే, 400 మీటర్లకు 40,000 కావాలి. నాన్నగారికి మెట్లు, పెరడు కనబడితే చాలు, 300 ల్యూమెన్లు నిజంగా ఇచ్చేది సరిపోతుంది. దూరం కంటే వెడల్పుగా పరుచుకునే వెలుగు చూడండి. మిగిలే డబ్బును, బయటికి తీయగలిగే మామూలు సైజు సెల్ ఉన్నదానికి, వానకు తట్టుకునే ఐపీఎక్స్4 రేటింగ్‌కు, బ్యాగులో దానంతటదే వెలగకుండా లాక్ అయ్యే స్విచ్‌కు, రాతపూర్వక వారంటీకి పెట్టండి. పెన్సిల్ సెల్స్ వేసే టార్చి అయితే, వాడని రోజుల్లో సెల్స్ బయట పెట్టండి, కారితే లోపలి పట్టీలు పాడవుతాయి. కొన్న రోజే డబ్బాను ఆరు వైపులా ఫొటో తీయండి.

అమ్మినవాడి చిరునామా ఇన్‌వాయిస్‌లో లేకపోతే ఆ ఆన్‌లైన్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొన్నవాళ్లు అడిగితే ఇవ్వాలి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు, కానీ ఈ వారంలో స్పీడ్ పోస్టులో ఒకటి పంపండి. పదిహేను రోజులు చూడండి. పదహారో రోజు జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు దాఖలు చేయండి.