చిత్తూరు జిల్లా పట్టా పొలంలో నీలగిరి తోటను నిలువునా అమ్ముతున్నాం. అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?

గుత్త బేరం (తోటంతటికీ ఒకే ధర) కన్నా టన్ను లెక్క మేలు. కాకపోతే కొట్టిన కర్ర ఆరేకొద్దీ తూకం పడిపోతుంది, వ్యాపారి ఆలస్యం చేసేది అందుకే. కొట్టిన ఎన్ని రోజుల్లో, ఏ వేబ్రిడ్జిలో, బెరడుతోనా ఒలిచా తూకం వేసేదీ రాయించండి. ఖాళీ లారీ తూకం చీటీ కూడా అడగండి.

మొదళ్లు మళ్లీ చిగురించాలంటే నేలకు దగ్గరగా, బెరడు చీలకుండా, నీరు నిలవకుండా ఏటవాలుగా రంపంతో కోయాలి. ఈ షరతు చాలామంది మరిచిపోతారు, రెండో కోత దెబ్బతింటుంది.

మీ హద్దు తెలిసేలా గట్టు చెట్లకు రంగు గుర్తులు వేయండి. అగ్రిమెంటులో అడ్వాన్సు, కోత గడువు, బోరు పైపులకు నష్టం జరిగితే ఎవరు భరించాలన్నదీ, కొమ్మలెవరివన్నదీ ఉండాలి. గడువు దాటితే మిగిలిన చెట్లు మీవేనని రాయించండి.

వెంటనే కొట్టేసే నిలువు కలప చట్టం దృష్టిలో చరాస్తి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తోటలో ఎర్రచందనం ఉంటే మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టనివ్వకండి.