ఆకుల మీద పువ్వు పెడితే ఉబ్బిపోతోందా? కలిపే పద్ధతి మార్చండి

కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్ (సీఎన్‌సీ) కోసం మీరు ఆకుల రిలీఫ్ (ఉబ్బెత్తు బొమ్మ) మీద పువ్వు పెట్టగానే, రెండూ కలిసే చోట గుట్టలా లేచిందన్నారు కదా, అది మోడల్ తప్పు కాదండీ. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఆస్పైర్‌లో ఆ పువ్వు కాంపొనెంట్ (విడి భాగం) కలిపే పద్ధతి ‘యాడ్’లో ఉంది, అంటే 6 మిల్లీమీటర్ల ఆకు మీద 5 మిల్లీమీటర్ల పువ్వు పడితే అక్కడ 11 అవుతుంది, పైగా కింది ఆకు ఈనెలు కూడా రేకుల మీద తేలతాయి. పువ్వుని ‘మెర్జ్’కి మార్చండి, అప్పుడు ఒక్కో బిందువు దగ్గర రెండింటిలో ఏది ఎత్తుగా ఉంటే అదే మిగులుతుంది. మార్చాక రేకుల మధ్యలోంచి ఆకు పొడుచుకొస్తే, పువ్వు బేస్ హైట్ (కింది మట్టం ఎత్తు) కొద్దికొద్దిగా పెంచుతూ ప్రివ్యూ చూడండి, ఈ ఓపికే పనితనం. యాడ్ మాత్రం ఆకు మీద సన్నని గీతల్లాంటి వాటికే బాగుంటుంది.

బయటి నుంచి తెచ్చిన ఎస్‌టీఎల్ (3డీ మోడల్ ఫైల్) అయితే ఇంపోర్ట్ చేసేటప్పుడే దాని కింది పలకను జీరో ప్లేన్‌తో (సున్నా ఎత్తు మట్టం) కోసేయండి, లేకపోతే పువ్వు చుట్టూ చతురస్రం అచ్చు పడుతుంది.

ఇక టూల్‌పాత్ (చెక్కే బిట్ నడిచే దారి) ఆకులకీ పువ్వుకీ విడివిడిగా వద్దు, మొత్తం మోడల్‌కి ఒకటే రఫింగ్ (ముతకగా చెక్కడం), ఒకటే ఫినిషింగ్ (నున్నగా చెక్కడం) చాలు. ఫినిషింగ్‌లో వాడే గుండ్రటి మొన బిట్ బాల్ నోస్‌కి స్టెప్‌ఓవర్ (పక్కపక్క గీతల మధ్య దూరం) దాని వ్యాసంలో 8 నుంచి 10 శాతం పెట్టండి.