డల్లాస్ వరల్డ్ అక్వేరియం: ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు నచ్చుతుందా?

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చారు, ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, ఒక రోజు డల్లాస్ వరల్డ్ అక్వేరియంకి వెళ్దామనుకుంటున్నారు. "చేపలు చూడ్డానికి టికెట్టు కొనాలా?" అంటున్నారు నాన్నగారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చా?

వెళ్ళండి. మేం డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటాం. అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకెళ్ళాం, తర్వాత మా అమ్మ వచ్చినప్పుడూ వెళ్ళాం. పిల్లాడి కోసమైతే ఏదో ఒక సాకుతో వెళ్తూనే ఉంటాం. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు నాన్నగారి సందేహం తీరుద్దాం. అక్కడ చేపలు సగమే. మిగతా సగం అడవి. డౌన్‌టౌన్‌లో వెస్ట్ ఎండ్ అని పాత ఇటుక గోదాముల పేట ఉంది. 1924లో కట్టిన ఒక గోదామును లోపలంతా తీసేసి, 1992లో అక్వేరియంగా తెరిచారు. 1997లో పక్క భవనంలో ఒరినోకో అడవి వచ్చింది. 2004లో మాయా నాగరికత ఉన్న ప్రాంతం పేరుతో ముండో మాయా అనే భాగం కలిపారు. రోడ్డు మీద నుంచి చూస్తే ఇంతుంటుందని అనిపించదు.

ఒరినోకో అంటే దక్షిణ అమెరికాలో వెనెజులా, కొలంబియాల మీదుగా పారే నది. పొడవు రెండు వేల కిలోమీటర్ల పైమాటే, మన గోదావరి 1,465. వానాకాలంలో అది పొంగి నెలల తరబడి అడవిలో నిలబడిపోతుంది. చేపలు చెట్ల మొదళ్ళ మధ్య తిరుగుతాయి, పైనుంచి రాలే కాయలు తింటాయి. అక్కడ అడవీ నదీ వేర్వేరు కావు. అక్వేరియంలో కోతులూ పక్షులూ ఎందుకు అని చాలామంది అంటుంటారు గానీ, నా ఉద్దేశంలో ఆ భవనం మొత్తంలో ఆలోచించి కట్టింది అదే. మీరు చెట్ల కొమ్మల ఎత్తులో మొదలుపెట్టి, వంకర దారిలో మెల్లగా దిగుతూ దిగుతూ నది అడుగుకు చేరతారు. పైన స్లాత్ (కొమ్మలకు వేలాడుతూ మహా నెమ్మదిగా కదిలే జంతువు) కనిపించిన చోటికి సరిగ్గా కింద, అద్దం అవతల చేపలుంటాయి. పాపకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, తనే వెతుక్కుంటుంది.

లోపలికి అడుగుపెట్టగానే కళ్ళద్దాలు మసకబారతాయి. వేడి, తేమ రెండూ ఎక్కువ. మా మామయ్యగారు అద్దాలు తుడుచుకుంటూ "అబ్బ, మే నెల భీమవరంలా ఉందే" అన్నారు. చలికాలంలో వెళ్తే జాకెట్లు కారులోనే వదిలేయండి, లేకపోతే అందరి కోట్లూ మీ చేతుల మీదే ఉంటాయి. ఫోన్ కెమెరా అద్దం కూడా కాసేపు పనిచేయదు. దాన్ని తుడుచుకుంటూ హడావిడి పడకుండా నిలబడి చూడండి, ఎలాగూ మొదట్లో కళ్ళకు ఏమీ ఆనదు. ఆకులు, జలపాతం చప్పుడు, ఎక్కడో పక్షి అరుపు, అంతే. కాసేపటికి ఒక్కొక్కటే బయటపడతాయి.

ఇక్కడే జనం తొందరపడతారు. "షార్కులెక్కడ?" అని పిల్లల్ని లాక్కుంటూ కిందికి దిగిపోతారు. మీరు మాత్రం మీ సమయంలో పెద్ద వాటా ఈ పై భాగానికే ఇవ్వండి. టూకాన్ పక్షులు పెద్ద పెద్ద రంగుల ముక్కులతో చాలా దగ్గరలో కూర్చుంటాయి. కొన్ని పక్షులు స్వేచ్ఛగా ఎగురుతుంటాయి కాబట్టి నెత్తిమీద ఏదైనా పడితే ఆశ్చర్యపోకండి. స్లాత్ కోసం తల పైకెత్తి కొమ్మల చీలికల్లో వెతకాలి. దానికీ మనకీ మధ్య అద్దం ఉండదు. ఎండిన కొబ్బరి పీచు ముద్దలా ఉంటుంది, కదలదు. కనపడకపోతే సిబ్బందిని అడగండి, వెంటనే చూపిస్తారు.

మూడు వేళ్ళ స్లాత్‌ని జూలలో చూడడం చాలా అరుదు. ఎక్కువ చోట్ల కనిపించేది రెండు వేళ్ళ రకం. మూడు వేళ్ళది ఆకులు తిని బతుకుతుంది, ఆ తిండి నెమ్మదిగా అరుగుతుంది, అందుకే ఒంట్లో శక్తి తక్కువ, కదలిక తక్కువ. వారానికోసారి మాత్రం విసర్జనకు చెట్టు దిగుతుంది. దాని బొచ్చులో నాచు పెరుగుతుంది, అందుకే పచ్చటి ఛాయ. మెడలో మనకంటే ఎక్కువ ఎముకలుండడంతో తలను దాదాపు వెనక్కి తిప్పగలదు. ఇదంతా చెప్పాక మా అత్తయ్యగారు "అయితే మా తమ్ముడే" అన్నారు. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో నడుస్తోంది.

విషానికి పేరుపడ్డ నీలం రంగు బాణపు కప్పల దగ్గర పాప భయపడితే ఒక మాట చెప్పండి. అడవిలో వాటి విషం అవి తినే చీమలూ పురుగుల నుంచి వస్తుంది. ఇలా పెంపకంలో వేరే తిండి పెడతారు కాబట్టి వాటికి విషం ఉండదు. ముట్టుకోనివ్వరనుకోండి, అది వేరే విషయం.

ఇక కింద నది. నాన్నగారికి చేపల సంగతి తెలుసో లేదో గానీ, మా మామయ్యగారు చెరువులు చేసిన మనిషి. మనాటీ అనే భారీ నీటి జంతువు ఉన్న పెద్ద తొట్టి ముందు నిలబడి, దాన్ని వదిలేసి పక్కన తిరుగుతున్న చేపను చూసి "ఇది మన రూప్‌చంద్ కదా!" అన్నారు. నిజమే. మన దగ్గర కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే రూప్‌చంద్, అదే పాకు, పుట్టింది ఈ ఒరినోకో, అమెజాన్ నదుల్లోనే. దాని పళ్ళు చూడండి, మనుషుల పళ్ళలా ఉంటాయి. గట్టి కాయల్ని కొరకడానికి అవి. వరద నీటిలో కాయలు తిని ఎక్కడో విత్తనాలు వదులుతుంది కాబట్టి అడవిని నాటే పనిలో దానికీ వాటా ఉంది. కిలోల లెక్కన అమ్మిన చేపకు ఇంత కథ ఉందని ఆయనకు అక్కడే తెలిసింది. ఆ తర్వాత ఆయన్ని ఆ తొట్టి దగ్గర్నుంచి కదపడం మా వల్ల కాలేదు.

మనాటీ గురించి కూడా చెప్పాలి. బూడిద రంగు, బాగా పెరిగితే మూడు మీటర్ల పొడవు, వందల కిలోల బరువు. అయినా తినేది ఆకులూ గడ్డీ. అక్కడ పాలకూర లాంటి ఆకుకూరలు నీటి మీద వేస్తారు, చీలిన పై పెదవి రెండు భాగాలతో చేతుల్లా పట్టుకుని తింటుంది. చేప కాదు, క్షీరదం. కొద్ది నిమిషాలకోసారి పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. దానికి దగ్గరి చుట్టం ఏనుగు. ముందు తెడ్ల చివర చిన్న గోళ్ళు కనిపిస్తాయి, పాపను అవి వెతకమనండి. మనకు తమిళనాడు వైపు పాక్ జలసంధిలో ఉండే డుగాంగ్ దీని వంశమే. అక్కడ 2022లో దానికోసం ప్రత్యేక సంరక్షణ ప్రాంతం ప్రకటించారు. రెంటికీ తేడా తోకలో తెలుస్తుంది: మనాటీది గుండ్రటి తెడ్డు, డుగాంగ్‌ది తిమింగలం తోకలా చీలి ఉంటుంది.

మా అత్తయ్యగారు మాత్రం దాన్ని చూసి "ఇంత పెద్ద ప్రాణిని ఇక్కడ పెట్టారేమే పాపం" అన్నారు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. అదే భవనంలో ఒరినోకో మొసలి కూడా ఉంది. గత శతాబ్దంలో తోలు కోసం వేటాడి దాన్ని దాదాపు తుడిచిపెట్టేశారు, ఇప్పుడు అడవిలో చాలా కొద్దిగా మిగిలాయి. దాన్ని ఇలాంటి చోట్ల పెంచడంలో అర్థం కనిపిస్తుంది. ప్రతి జంతువు విషయంలోనూ అదే మాట అనగలనా అంటే, అనలేను. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది, రానివ్వండి.

పెద్ద నీటికుక్కలు నిద్రలేచి ఉంటే మీ అదృష్టం. పూర్తిగా ఎదిగినవి తోకతో కలిపి 1.8 మీటర్ల దాకా ఉంటాయి. మన కోరింగ మడ అడవుల్లోని నీటికుక్కలు వీటికంటే చాలా చిన్నవి. ఒక్కోదానికి గొంతు మీద లేత మచ్చలు ఒక్కో తీరుగా ఉంటాయి, పరిశోధకులు వాటినే చూసి గుర్తుపడతారు.

సముద్రపు తొట్లు త్వరగానే చెప్పేస్తాను, చూడగానే అర్థమయ్యేవే. ఒక్క సీ డ్రాగన్లనే చేపల దగ్గర మాత్రం ఆగండి. ఆస్ట్రేలియా దక్షిణ తీరానివి, సముద్రపు పాచి ముక్కల్లా తేలుతుంటాయి. గుడ్లు మోసేది మగది, తోక కింద అంటించుకుని తిరుగుతుంది. ఈ మాట విని మా అమ్మ నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇక షార్కుల సొరంగం ముండో మాయాలో ఉంది. నాలుగు లక్షల గ్యాలన్ల తొట్టి, అంటే సుమారు పదిహేను లక్షల లీటర్లు, దాని మధ్యలోంచి నడుస్తాం. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో సున్నపురాయి కుంగి ఏర్పడిన లోతైన నీటి గుంతలుంటాయి, సెనోటే అంటారు. మాయా ప్రజలకు అవి తాగునీరూ, పవిత్ర స్థలాలూ. ఆ భాగాన్ని అలాగే మలిచారు. ఫ్లెమింగోలు కూడా అక్కడే. పులికాట్ దగ్గర చలికాలంలో చూసినవాళ్ళకు కొత్తేం కాదు గానీ ఇంత దగ్గరగా అక్కడ చూడలేం. ఆరుబయట ఉన్న పెంగ్విన్లు దక్షిణాఫ్రికావి, మంచు అక్కర్లేనివి. 2024లో వాటిని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

మోకాళ్ళ విషయానికొస్తే, దారి ఎక్కువగా వాలుగానే ఉంటుంది, మెట్లు ఎక్కలేనివాళ్ళకు లిఫ్టులున్నాయి. అసలు ఇబ్బంది నిలబడడమే. జనం ఉంటే దారి ఇరుకుగా అనిపిస్తుంది, కూర్చోవడానికి ఎక్కడపడితే అక్కడ చోటు దొరకదు. అందుకే స్కూళ్ళున్న రోజుల్లో, వారం మధ్యలో, తెరిచే వేళకు వెళ్ళండి. శనివారం మధ్యాహ్నం మాత్రం వద్దే వద్దు. టికెట్లు ఫలానా సమయానికని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవడం మంచిది, మీరు వెళ్ళే వారం ధర ఒకసారి చూసుకోండి. చుట్టుపక్కల పార్కింగ్ అంతా డబ్బు కట్టేదే, కాబట్టి డల్లాస్ లోకల్ రైలు డార్ట్‌లో వచ్చి వెస్ట్ ఎండ్ స్టేషన్‌లో దిగి నడిచినా సరిపోతుంది. పెద్దవాళ్ళకు రైలు ప్రయాణం కూడా ఒక సరదా.

తిండి లోపల దొరుకుతుంది గానీ శాకాహారులకు ఎంచుకోవడానికి పెద్దగా ఉండదు. మేం ఉదయం ఉప్మా గట్టిగా తిని వెళ్ళి, మధ్యాహ్నానికి ఇర్వింగ్ వచ్చి భోజనం చేస్తాం. ఓపిక ఉంటే 1963లో కెన్నెడీని కాల్చిన డీలీ ప్లాజా నడక దూరంలోనే ఉంది, నాన్నగారి వయసువాళ్ళకు ఆ వార్త గుర్తుండే అవకాశం ఎక్కువ.

మీ పాప మూడేళ్ళ లోపు అయితే గ్రేప్‌వైన్ మిల్స్ మాల్‌లోని సీ లైఫ్‌కి వెళ్ళమనేదాన్ని. ఏనుగులూ జిరాఫీలూ కావాలంటే డల్లాస్ జూ, కానీ ఎండలో చాలా నడవాలి, అమ్మగారికి కష్టం. ఆరేళ్ళ పాప, చేపల మీద అనుమానం ఉన్న తాతగారు, ఈ జట్టుకైతే వరల్డ్ అక్వేరియమే సరైనది. వెళ్ళే ముందు రోజు మనాటీకి తిండి పెట్టే వేళ ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోండి, దానికి తగ్గట్టు టికెట్ టైము పెట్టుకోవచ్చు.