పాత సిస్టమ్‌లు తీసేయాలా అని అడిగిన అల్లుడికి

తిరుపతి,
2026 జనవరి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నా. సగం వినబడింది, సగం లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. చిత్తూరులో నీ డీటీపీ, నెట్ అంగట్లో ఉన్న అయిదు విండోస్ 10 కంప్యూటర్లూ తీసేసి కొత్తవి కొనాలని ఎవరో చెప్పాడన్నావు. చెప్పినవాడు అవి అమ్మేవాడే కదరా! అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అంటే మెషీన్ ఆగిపోతుందని కాదు. నిన్న ఎట్లా నడిచిందో రేపూ అట్లాగే నడుస్తుంది. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లే మామూలుగా ఇక రావు. నడుస్తోంది కదా అని వదిలేస్తే మాత్రం ప్రమాదం. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలి, ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బు అడిగింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇప్పుడు నీ సిస్టమ్‌లకు వేసుకుందామన్నా వచ్చేది లేదు.

అట్లాగని అయిదింటికీ ఒకే నిర్ణయం తీసుకోవద్దు. ఏ సిస్టమ్ మీద ఏ పని జరుగుతోందో చూసి, దాన్నిబట్టి తేల్చు.

ముందు ఒక్కోదాంట్లో ప్రాసెసర్ ఏదో చూడు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఏఎండీ రైజెన్ అయితే 2000 సిరీస్, ఇంచుమించు అక్కణ్ణించి పైవాటికి విండోస్ 11 ఎక్కుతుంది. ఐ5-8400 అని ఉంటే సరే, ఐ5-7400 అని ఉంటే ఏడో తరం, కుదరదు. విండోస్ 10 ఒరిజినల్ అయితే 11కి మారడానికి రూపాయి కట్టక్కర్లేదు. ర్యామ్ 4 జీబీ చాలని వాళ్లు రాస్తారు గానీ, అంతమాత్రంతో 11 నడిపితే కస్టమర్ లేచి పక్కంగడికి పోతాడు. 8 జీబీ చేసి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ పెట్టించు.

పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్‌దే ఒక ప్రోగ్రాం ఉంది. అది కుదరదు అని చెప్పగానే వదిలేయకుండా, ఎందుకు కుదరదంటోందో చదువు. టీపీఎం అనే సెక్యూరిటీ భాగం లేదంటే, చాలాసార్లు అది బోర్డులో ఉండే ఉంటుంది, బయోస్‌లో, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది, ఆన్ చెయ్యి. అసెంబుల్డ్ సిస్టమ్‌లతో ఇంకో చిక్కు ఉంది. ఫార్మాట్ కొట్టేవాళ్లు పాత అలవాటు కొద్దీ లెగసీ మోడ్ అనే పాత బూట్ పద్ధతిలో విండోస్ వేసి పోతారు. 11కి యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి కావాలి. డిస్క్‌ను అందుకు తగ్గట్టు మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది, ఉన్న డేటా పోకుండా మారుస్తుంది. పోదన్నాను కదా అని బ్యాకప్ లేకుండా మొదలుపెట్టేవు! కరెంటు పోయిందంటే ఏ టూలూ కాపాడదు, యూపీఎస్ ఉండాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకో. ఉంటే బయోస్ ముట్టుకునే ముందే రికవరీ కీ రాసి పెట్టుకో. లేకపోతే నీ డిస్క్ నీకే తెరుచుకోదు.

రూఫస్ అనే టూల్‌తో ఆ షరతులు దాటించి పాత సిస్టమ్‌కి కూడా 11 ఎక్కించేస్తాం అనేవాళ్లు వస్తారు. ఎక్కుతుంది, అది నిజమే. అట్లాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మనం మారేదే అప్‌డేట్ల కోసం. జనం డబ్బు కట్టే అంగట్లో అది నాకు ఇష్టం లేదు.

ఇక డీటీపీ సిస్టమ్. శుభలేఖలు, కాణిపాకం బ్రహ్మోత్సవాల కరపత్రాలు అన్నీ దాంట్లోనే కదా, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకరు. దాన్ని కదిలించొద్దు. నెట్ కేబుల్ పీకేయ్, వైఫై ఉంటే ఆఫ్ చెయ్యి, విండోస్ 10తోనే నడవనీ. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ మాత్రం నేరుగా దానికి పెట్టొద్దు. వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి, నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వు. నెట్ లేని మెషీన్‌కి రోగం వచ్చేది ఆ దారినే.

దర్శనం టికెట్లు, అప్లికేషన్లు, హాల్‌టికెట్ల ప్రింట్లు చేసే మెషీన్లకు కావాల్సింది బ్రౌజరే. వాటిలో 11కి సరిపోనివాటికి విండోస్ బదులు లినక్స్ మింట్ వెయ్యి. ఉచితం, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సిస్టమ్ మరీ పాతదైతే మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకో. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద బూట్ చేసి చూడొచ్చు. ఒక పూట అట్లా నడిపి వైఫై, స్కానర్, ప్రింటర్ అన్నీ పరీక్షించు. ప్రింటరే తలనొప్పి. హెచ్‌పీవి చాలావరకు మాట వింటాయి. నీ దగ్గరున్న కెనాన్ ఎల్‌బీపీ2900కి లినక్స్‌లో డ్రైవర్ కూర్చోబెట్టడం పెద్ద తంటా, దాన్ని విండోస్ 11 సిస్టమ్‌కే తగిలించు. వేలిముద్రల మెషీను, డిజిటల్ సిగ్నేచర్ టోకెను, ట్యాలీ కూడా విండోస్ వైపే ఉంచు. వర్డ్, ఎక్సెల్ పనికి మింట్‌లో లిబ్రే ఆఫీస్ ఉంటుంది. అన్నట్టు ఆఫీస్ 2016కి, 2019కి కూడా అదే రోజున సపోర్టు అయిపోయింది, ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ అమ్మ ల్యాప్‌టాప్‌కి వేరే దారి ఉంది. ఇళ్లలో వాడేవాటికి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించింది, ఈఎస్‌యూ అంటారు. విండోస్ 10లో వెర్షన్ 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. అక్క చూసేది ఎస్వీబీసీ, మాట్లాడేది మనవరాలితో. ఇప్పటికి ఇది చాలు, ఆ తేదీ లోపు ఇంకో ఆలోచన చేద్దాం. అంగడి సిస్టమ్‌లకు దీన్ని లెక్కలో పెట్టుకోవద్దు. సంస్థలకు ఇచ్చేది వేరు. మొదటి ఏడు సిస్టమ్‌కి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. ఆ డబ్బుకు ఎస్‌ఎస్‌డీ వస్తుంది.

ఒకటి రెండు కొనక తప్పకపోతే సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదో తరమో ఆపైదో చూసి తీసుకో. ఆరో తరం చవగ్గా వస్తోందంటే ఎందుకు వస్తోందో ఇప్పుడు నీకు తెలుసు.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నా. పోయినసారి వచ్చినప్పుడు చూశా, నీ డెస్క్‌టాప్ నిండా జనాల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, టెన్త్ మార్కుల లిస్టులు. పని అయ్యాక వాళ్లవి మన దగ్గర ఎందుకు? బ్యాకప్ తీసేటప్పుడు అవి కాపీ చేయొద్దు, చెరిపేయ్. పాత డిస్క్ ఎవరికైనా ఇస్తే పూర్తిగా వైప్ చేసే ఇవ్వు, మామూలు డిలీట్ సరిపోదు.

అన్నీ ఒకే రోజు పెట్టుకోకు. పెళ్లిళ్ల సీజన్లో, అడ్మిషన్ల టైంలో అసలు ముట్టుకోకు. ముందు ఒక్కటి మార్చి, వారం నడిపి, తర్వాత రెండోది. ఏ సిస్టమ్‌లో ఏ ప్రాసెసరు, ఎంత ర్యామ్, ఏ ప్రింటర్ తగిలించావు, ఈ మూడూ కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో చూసి చెబుతా. అక్క ల్యాప్‌టాప్ మాత్రం ఈ ఆదివారమే చూడు. పాస్‌వర్డ్ కాగితం పూజ గదిలో క్యాలెండర్ వెనక పెట్టిందట.

ఇట్లు,
మామ