పెద్దయ్య మనకేమవుతారని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ దగ్గర చిన్న ఊరు. నా వయసు 34. పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తాను. మా సంఘ పెద్ద నాలుగు నెలల క్రితం ప్రభువు పిలుపందుకున్నారు. అందరం పెద్దయ్య అనేవాళ్లం. పురిటి నొప్పులప్పుడు అర్ధరాత్రి నన్ను ఒంగోలు తీసుకెళ్లింది ఆయనే. నా భర్త పనికని వెళ్లి తిరిగి రాకపోతే, నా కూతుర్ని బడిలో చేర్పించిందీ ఆయనే. చివరి వారంలో ఒకసారి రమ్మని కబురు పెట్టారు. పని వదులుకోలేక, రేపు వెళ్దాంలే అనుకున్నాను. తెల్లారేసరికి పోయారు. ఆదరణ కూడికలో పెద్దవాళ్లంతా మాట్లాడారు. నాకు నోరు పెగల్లేదు. ఆదివారం ఆయన కూర్చునే చోటు చూడలేక మధ్యలోనే లేచి వచ్చేస్తున్నాను. 'మనకేమవుతాడని ఇంత ఏడుపు' అంటుంది మా అత్త. సంఘంలోనేమో ఫ్లెక్సీలు, పాలరాయి పలక అంటున్నారు. నేను ఆయన కోసం ఏం చేయగలను?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం. సొంతవాళ్లు పోతే ఊరంతా వచ్చి కూర్చుంటుంది, ఎవరో ఒకరు అన్నం వండి తెస్తారు, పనికి రాకపోయినా మేస్త్రీ ఏమీ అనడు. చుట్టరికం లేని మనిషి పోతే ఇవేవీ ఉండవు. మర్నాడే పనిలోకి దిగాలి, పైగా ఎందుకు ఏడుస్తున్నావో చెప్పుకోవాలి. ఈ నాలుగు నెలలూ మీరు ఒక్కరే ఏడ్చారు. బాధ తగ్గకపోవడంలో వింతేమీ లేదు.

అత్తగారి కఠినం వెనక ఇంకోటి ఉందేమో కూడా ఆలోచించండి. ఆమె కొడుకు చేయాల్సిన పనులు బయటి మనిషి చేశారు. పెద్దయ్య పేరెత్తినప్పుడల్లా ఆమెకు కొడుకు గుర్తొస్తూ ఉండొచ్చు. అందుకే వాదన పెట్టుకోకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని కాన్పు రాత్రి జరిగిందంతా చెప్పండి. ఎవర్ని లేపారు, బండి ఎలా దొరికింది, దారిలో మీకేం చెప్పారు, అన్నీ. 'ఆయన లేకపోతే మీ మనవరాలు మనకు దక్కేదో లేదో' అన్న మాట మీ నోటి నుంచి విన్నాక మళ్లీ ఆ ప్రశ్న వేస్తారని నేననుకోను.

ఇక ఆ కబురు. వెళ్లి ఉంటే బాగుండేదని మీకు ఎప్పటికీ అనిపిస్తుంది. అది పోదు, పోవాలని నేనూ కోరుకోను. కానీ అదొక బాధ. తప్పు చేశానని మిమ్మల్ని మీరు శిక్షించుకోవడం వేరు. కూలి పని ఒక్క రోజు మానేస్తే ఇంట్లో ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఈ సంగతి నాతో చెప్పారు, పెద్దయ్య భార్య పెద్దమ్మగారితో చెప్పారా? ఆమె దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎందుకు రమ్మన్నారో ఆమెకు తెలిసి ఉండొచ్చు. తెలియకపోయినా, తన భర్తను తలుచుకుని ఏడ్చే మనిషి ఇంకొకరున్నారని ఆమెకు తెలుస్తుంది. నాలుగు నెలలయ్యాక ఆ ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోయి ఉంటారు.

ఏం చేయగలనని అడిగారు. నా మాటగా చెప్తున్నాను, ఆయన గురించి రాయండి. మీకు రాయడం ఇబ్బందైతే మీరు చెప్తుంటే మీ అమ్మాయి రాస్తుంది. మీ ప్రాంతం సంగతే చూడండి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించారు. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర, మీ గుండ్లకమ్మలోనే, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క పుస్తకాల్లో ఉంది. మరి ఆ కాలువ గట్టున కూలీలను కనిపెట్టుకుని ఉన్న మన బోధకులు, పల్లె పల్లెకూ నడిచి వెళ్లినవాళ్లు? యర్రగుంట్ల పేరయ్య లాంటి కొద్దిమందిని వదిలేస్తే ఎంతమంది పేర్లు ఇవాళ మీ సంఘంలో చెప్పగలరు? పూట పూటా మనుషులకు ఆసరాగా నిలిచినవాళ్లే ముందు మరుగున పడిపోతారు. ఎవరూ రాసి పెట్టకపోతే అంతే.

రాసేటప్పుడు 'మహానుభావుడు, దయామయుడు' అనే మాటలు వద్దు. అవి కూడికలో అయిపోయాయి. ఆయన ఏ రోజు ఎవరింటికి వెళ్లారు, జేబులో ఏం పెట్టుకునేవారు, ఏ పాట రాగం తప్పి పాడేవారు, ఎవరి మీద కోప్పడ్డారు... కోపం కూడా రాయండి. ఊళ్లో మిగతావాళ్లనూ అడగండి. మీలాంటి కథ చాలా ఇళ్లలో ఉండే ఉంటుంది. వచ్చే కూడికలో మాట్లాడటానికి భయమైతే పాస్టరుగారిని అడిగి మీ అమ్మాయి చేత చదివించండి.

పలక వేస్తే వేయనివ్వండి, దానికి అడ్డు చెప్పొద్దు. ఫ్లెక్సీల డబ్బు మాత్రం మంచం పట్టినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చుకు పక్కన పెడదామని అడగండి. అది ఆయన పనే కదా. ఒప్పుకోకపోయినా అడిగిన మాట వృథా పోదు.

ఆదివారం లేచి రావడం గురించి. మీ అమ్మాయిని పక్కన పెట్టుకుని వెనక వరుసలో కూర్చోండి. ఏడుపొస్తే ఏడవండి, గుడిలో ఏడిస్తే తప్పేముంది? కానీ నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలని లేకపోవడం లాంటివి ఉంటే ఆగొద్దు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

చివరిగా పెద్దమ్మగారి కాగితాల సంగతి. మరణ నమోదు అయిందో లేదో కనుక్కోండి. 21 రోజుల్లోపు చేయించాల్సింది. 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే ఇంకా కష్టం. ఆయన వృద్ధాప్య పింఛను తీసుకునేవారైతే భార్యకు పింఛను మార్పించే ఏర్పాటు ఉంది, సచివాలయంలో అడగండి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఆమెతో మీరే వెళ్లండి. బ్యాంకు ఖాతాలో ఆయన నామినీగా ఎవరి పేరు రాశారో అదే రోజు చూసి రండి.